కొంగున చక్కెర పొట్లం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ ఎండలో ఆటోలు మారి వచ్చిన అక్కలకు, అన్నయ్యలకు నమస్కారం.

పెద్దవయసులో ప్రయాణాల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. ముందుగా ఒక మాట అడుగుతాను. బస్సు ప్రయాణం ఉందంటే పొద్దుటి నుంచీ నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తమనను, ఎందుకంటే నాకు తెలుసు. చాలా ఏళ్లు నేనూ అదే చేశాను. కావలి నుంచి నెల్లూరు రావాలన్నా గొంతు తడుపుకోవడమే తప్ప గ్లాసు నిండా తాగేదాన్ని కాదు. దారిలో అవసరమైతే ఎక్కడ దిగాలి, డ్రైవరును ఏమని అడగాలి, బస్సులో అందరూ ఏమనుకుంటారు, ఇదే టెన్షన్.

నేను టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు 69 ఏళ్లు. మేం ఎనిమిదిమందిమి ఏడాదికి రెండు ప్రయాణాలైనా చేస్తాం. మా అందరిలో పెద్ద మా కావలి బాబాయి, ఆయనకు 81. ఈ రోజు నేను చెప్పేవన్నీ ఆ ఎనిమిదిమంది పడిన ఇబ్బందుల్లోంచి వచ్చినవే.

మన పెద్దవాళ్ల కాలంలో 'కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే' అనేవాళ్లు. ఇప్పుడు నెల్లూరులో రైలెక్కితే రోజున్నరలో కాశీలో ఉంటాం. దారి సులువైంది. అయినా పెద్దవాళ్ల ప్రయాణాలు ఎందుకు చెడుతున్నాయి? వయసు వల్ల అని నేననుకోను. మనం దాచడం వల్ల చెడుతున్నాయి. మోకాలు నొప్పి అంటే పిల్లలు తీసుకెళ్లరేమో, గంటకోసారి బాత్రూముకు వెళ్లాలంటే బృందంలో చేర్చుకోరేమో అని బయటికి చెప్పం. ఇంట్లో దాచింది దారిలో బయటపడుతుంది, అదీ ఎవరూ సాయం చేయలేని చోట.

మా పెద్దక్క సంగతి చెబుతాను. ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఒక టూర్ వాళ్లతో కాశీ వెళ్లాం. అక్కకు ఇరవై ఏళ్లుగా షుగర్, భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ సంగతి టూర్ వాళ్లకు చెప్పలేదు. చెబితే ప్రతి పూటా తన కోసం అందరూ ఆగాలని మొహమాటం. ఆ రోజు తెల్లవారుజామున మేనేజరు 'పది నిమిషాల్లో టిఫిన్ వచ్చేస్తుందమ్మా' అన్నాడు. అక్క ఇన్సులిన్ వేసుకుంది. టిఫిన్ రాలేదు. 'దర్శనం అయ్యాక తిందురు, ఇప్పుడైతే క్యూ తక్కువ' అని అందరినీ లేపారు. విశ్వనాథుడి గుడిలోకి సెల్‌ఫోన్లు, సంచులు తీసుకెళ్లనివ్వరు. అక్క తన సంచి బయటే వదిలేసింది. బిస్కెట్లు అందులోనే ఉన్నాయి.

క్యూలో గంట గడిచేసరికి అక్కకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. ఏదో మాట్లాడుతోంది గానీ పొంతన లేదు. నేనేమో గాలి ఆడక అలా అవుతోందనుకుని కొంగుతో విసురుతున్నాను. మా ముందు నిలబడిన ఒకావిడ, ఏ ఊరావిడో, మాకు భాష కూడా కలవదు, అక్క మొహం చూసి తన చేతిలోని మిఠాయి పేడాలు రెండు అక్క నోట్లో పెట్టింది. కాసేపటికి అక్క కుదుటపడింది. ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకపోవడంతో ఒంట్లో షుగర్ మరీ పడిపోయిందన్నమాట. ఆవిడ ఎవరో మాకు తెలియదు. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా ఆవిణ్ని తలుచుకుంటాను.

ఆ రోజు నుంచి మా బృందంలో రెండు నియమాలు. మొదటిది, పళ్లెం కంటికి కనిపించాకే ఇన్సులిన్. ఎవరు ఎన్ని నిమిషాలన్నా నమ్మేది లేదు. రెండోది, కొంగున చక్కెర పొట్లం. మూడు చెంచాల చక్కెర చిన్న కవర్లో వేసి కొంగు చివర ముడి వేస్తాం. మగవాళ్లు చొక్కా జేబులో పెట్టుకుంటారు. సంచి ఆపినా కొంగును ఎవరూ ఆపరు కదా. చెమట, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే ఆ చక్కెర నోట్లో వేయాలి. పదిహేను నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్లీ వేయాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి పరుగెత్తడమే. షుగర్ లేనివాళ్లం కూడా కట్టుకుంటాం. పక్కవాళ్లకు పనికొస్తుంది.

ఇన్సులిన్ గురించి ఇంకొక్క మాట. బస్సు డిక్కీలో పెట్టకండి. మన రోహిణి కార్తె ఎండకు డిక్కీ పొయ్యిలా ఉంటుంది, మందు పాడైపోతుంది. విమానంలోనైతే చేతి సంచిలోనే ఉండాలి. కింద సామాన్లలో వేస్తే చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాత్రలేమో రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టుకోండి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

ఇక నీళ్ల సంగతికి వస్తాను. ఇది ముఖ్యంగా ఆడవాళ్లకు చెప్పాలి. నీళ్లు తాగకపోతే ముందు తల తిరుగుతుంది, తర్వాత మూత్రంలో మంట, ఆ తర్వాత జ్వరం. ఊరు చేరేసరికి గుడికి బదులు క్లినిక్కుకు వెళ్లినవాళ్లను చూశాను. బీపీకి నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర, వాడేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు, ప్రయాణం రోజు ఆ మాత్ర మానేస్తారు. సొంతంగా మానకండి. 'ఫలానా రోజు బస్సులో ఆరు గంటలు కూర్చోవాలి, ఏ వేళకు వేసుకోమంటారు' అని డాక్టరును ముందే అడగండి.

బస్సులో మేం చేసేది ఇది. బండి కదలకముందే మాలో ఒకరు డ్రైవరు దగ్గరికి వెళ్లి, 'అబ్బాయ్, మాతో పెద్దవాళ్లున్నారు, రెండు గంటలకోసారి ఆపాలి' అని నెమ్మదిగా చెబుతాం. ముందు చెబితే విసుక్కున్న డ్రైవరు నాకు ఇంతవరకు తగల్లేదు. హైవేలో పెట్రోలు బంకుల్లో బాత్రూములు ఉంటాయి, పెట్రోలు కొట్టించకపోయినా వాడుకోవచ్చు. టోల్‌గేట్ల దగ్గరా ఉంటాయి. దిగినప్పుడు అవసరం లేకపోయినా నాలుగడుగులు నడవండి. గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. సీట్లో కూర్చున్నప్పుడు కూడా మడమ ఆనించి వేళ్లు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. ఒక్క పిక్క గట్టిపడి నొప్పి పెడితే రుద్దకండి, డాక్టరుకు చూపించండి.

రైలు గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. రైలు వచ్చాక బోగీ వెతుక్కుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కలేరు. అరగంట ముందే వెళ్లి, మన బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద చూసుకుని అక్కడే కూర్చోవాలి. మాలో గట్టిగా ఉన్న ఒకరు ముందు ఎక్కుతారు, తర్వాత పెద్దవాళ్లు, సామాను చివర. సామాను ముందు ఎక్కిస్తే గుమ్మం మూసుకుపోయి మనుషులు కిందే ఉండిపోతారు. మా బాబాయి ఓసారి ఒంగోలులో అలాగే ఉండిపోయారు. సామాను విజయవాడ వెళ్లింది, ఆయన వెళ్లలేదు.

నెల్లూరులో దిగేటప్పుడూ అంతే. విజయవాడ వైపు నుంచి వస్తుంటే కావలి దాటగానే, చెన్నై వైపు నుంచి వస్తుంటే గూడూరు దాటగానే లేచి చెప్పులేసుకుని కూర్చోవాలి. తెల్లవారుజామున దిగాలంటే ఫోనులో అలారం పెట్టుకోండి, పక్క బెర్తువాళ్లకూ చెప్పి ఉంచండి.

కింది బెర్తు గురించి అందరూ అడుగుతారు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది. కానీ ఒక టికెట్టు మీద ఒక్కరో ఇద్దరో, అదీ ఇద్దరూ ఆ వయసువాళ్లే అయితేనే ఆ కోటా వర్తిస్తుంది. మన పిల్లలు ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే టికెట్టు తీస్తారు, అమ్మకు పై బెర్తు వస్తుంది. కాబట్టి పెద్దవాళ్లిద్దరికీ విడిగా, ఆ కోటాలో తీయమని చెప్పండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే తీస్తే బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. చార్జీలో వయసు రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆగిపోయింది. అది మళ్లీ ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పింఛను మీద బతికేవాళ్లకు ఆ డబ్బు ఇంకో ప్రయాణానికి సరిపోయేది.

మన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 60 దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు చూపించాలి. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచితం. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరికో, మైపాడు సముద్రానికో దానిలో హాయిగా వెళ్లి రావచ్చు. దూర ప్రయాణానికి మాత్రం ఉచితం కదా అని నిలబడి వెళ్లకండి. సీటు రిజర్వు చేసుకునే బస్సుకు డబ్బు పెట్టండి, నడుముకు మంచిది.

తిండి మీద నాకు పట్టుదల ఎక్కువ. మొదటి రోజుకు ఇంటి భోజనమే. చింతపండు పులిహోర, నువ్వుల నూనెతో కారప్పొడి పట్టించిన ఇడ్లీలు. పెరుగన్నం కలిపేటప్పుడు మెత్తటి అన్నంలో పాలు పోసి చెంచాడే పెరుగు వేయండి, సాయంత్రానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. కొబ్బరి పచ్చడి వద్దు, మధ్యాహ్నానికే వాసన వస్తుంది. రెండో రోజు నుంచి బయట తినక తప్పదు. అప్పుడు వేడిగా, మన కళ్ల ముందు వండింది తినాలి. కోసిపెట్టిన పండ్లు కొనొద్దు, అరటిపండు మేలు. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు దగ్గర పెట్టుకోండి. పెద్ద పొట్లం లీటరు నీళ్లకు కలపాలి, సగం గ్లాసులో పోసి తాగితే అది మందు కాదు.

కొండల సంగతి క్లుప్తంగా చెబుతాను. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లు పగలే ఘాట్ రోడ్డు దాటేలా బయలుదేరండి, రాత్రిపూట అడవి గేటు వేసేస్తారు. మలుపుల్లో వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు మీదే చూపు నిలపాలి, కడుపు సగమే నింపాలి. కేదార్‌నాథ్ వేరే లెక్క. అది 3,583 మీటర్ల ఎత్తు, గౌరీకుండ్ నుంచి నడక దాదాపు 16 కిలోమీటర్లు. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన ఊపిరి మనది. ఒక్క రోజులో అంత ఎత్తు ఎక్కితే తలనొప్పి, వికారం, ఆయాసం వస్తాయి. దారిలో ఒకటి రెండు రాత్రులు ఆగి అలవాటు పడాలి. ఆయాసం కూర్చున్నా తగ్గకపోతే మొండికేయకుండా కిందికి దిగిపోవాలి. అమర్‌నాథ్‌కు 70 దాటితే అసలు అనుమతించరు. మా బాబాయి దానికి చాలా బాధపడ్డారు. నేనైతే ఆ నిబంధన సరైనదే అంటాను.

తప్పిపోవడం గురించి. మన రొట్టెల పండగ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. స్వర్ణాల చెరువు దగ్గర జనంలో చెయ్యి వదిలితే మళ్లీ కలవడం ఎంత కష్టమో! కొత్త ఊళ్లో భాష కూడా రాకపోతే ఇంకా కష్టం. దిగిన ప్రతి చోటా 'విడిపోతే ఫలానా చోట కలుద్దాం' అని ముందే అనుకోండి. ఎవరైనా విడిపోతే వాళ్లు అక్కడికి వెళ్లి కదలకుండా కూర్చోవాలి, వెతకడం మిగతావాళ్ల పని. ఫోనులో నంబర్లున్నాయి కదా అనకండి. చార్జింగ్ అయిపోతే కొడుకు నంబరు మనలో ఎంతమందికి నోటికొస్తుంది?

అందుకే ఈ కార్డులు తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు రెండు తీసుకోండి. ఒకవైపు మీ పేరు, ఇంట్లోవాళ్ల నంబర్లు రెండు. రెండోవైపు మీకున్న జబ్బులు, వాడే మందుల పేర్లు, పడని మందు ఏదైనా ఉంటే అది. ఏదీ దాచకుండా రాయండి. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి మీతో ప్రయాణం చేసేవాళ్ల దగ్గర. కంటి చూపు ఆనని వాళ్లు, రాయలేని వాళ్లు నా దగ్గరికి రండి. మందుల చీటీ చూపించండి, నేను కూర్చుని రాసిస్తాను.