మెత్తబడిన కాటమరాన్‌కి ఇంజెక్షన్ ఎపాక్సీ: మన ఎండకి ఆగిందా?

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, విడిపోయిన ఫైబర్ పొరల మధ్యకి సిరంజితో ఎక్కించి అతికించే ఈ ఎపాక్సీ కిట్టు కంపెనీవాళ్ళు ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఈ వీడియో వాళ్ళకి ముందుగా చూపించనూ లేదు. డబ్బాలో ఏమేం వస్తాయో వాళ్ళ పేజీలో మీరు చూసే ఉంటారు కాబట్టి ఆ లిస్టు చదవను. నేను ఎక్కువగా మాట్లాడేది హార్డెనర్ గురించి, అంటే ఎపాక్సీ రెజిన్‌లో కలిపితే దాన్ని గట్టిపరిచే ద్రవం గురించి. గోదావరి లంకల్లో, యానాం ఒడ్డున ఈ పని చేసేవాళ్ళకి అసలు పరీక్ష అక్కడే.

ఇది రిపేరుకి ముందు తీసింది. కాటమరాన్ అంటే రెండు హల్స్, అంటే రెండు సన్నటి పడవ బాడీల్ని అడ్డదూలాలతో కలిపిన తెరచాప పడవ. ఇది దాని ఎడమ హల్, ముందు అడ్డదూలం దగ్గర. బొటనవేలితో నొక్కుతున్నాను చూడండి. దిగింది, వదలగానే లేచింది. ఇప్పుడు రూపాయి బిళ్ళతో వినండి. ఇక్కడ టంగుమంటోంది. నాలుగు వేళ్ళు ఇటు జరిగితే డొల్ల. ఇలా కొట్టుకుంటూ పోయి మార్కర్‌తో గీత గీస్తే అరచేతిని మించిన మేర తేలింది, దూలం కిందకి కూడా పాకింది.

మన వేటబోట్లకి సాధారణంగా ఫైబర్ మందంగా పోస్తారు. ఇలాంటి తేలిక పడవకి పైన పల్చటి పొర, మధ్యలో ఫోమ్, లోపల ఇంకో పల్చటి పొర ఉంటాయి. మూడూ అతుక్కుని ఉన్నంతసేపే బలం. తెరచాప లాగే బరువు ఎక్కువగా ముందు దూలం దగ్గరే పడుతుంది, మనం మోకాళ్ళు ఆనించేదీ అక్కడే. పై పొర ఫోమ్‌ని వదిలేసిందంటే ఇదిగో ఇలా మెత్తబడుతుంది. ఎండ కూడా తోడవుతుంది. డ్రెయిన్ ప్లగ్గులు బిగించి ఇసకలో వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బి పొరల్ని విడదీస్తుంది. ఒడ్డెక్కగానే ప్లగ్గులు తీసెయ్యండి, దయచేసి.

పని చూపిస్తాను. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు, ఎంత లోతు దిగాలో గుర్తుకి దానికి టేపు చుట్టాను, పై పొర దాటి ఫోమ్‌లోకి కొద్దిగా దిగితే చాలు, లోపలి పొర తగలకూడదు. అంగుళం, అంగుళంన్నర ఎడంతో రంధ్రాలు. ఫైబర్ పొడి పీల్చకండి, మాస్కు పెట్టుకోండి. తర్వాత లోపల తడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా దీనికి మంచి కాలం, వానాకాలంలో మొదలుపెట్టకండి.

ఇక హార్డెనర్. డబ్బాల మీద రాసే పని సమయం, అంటే కలిపాక బంకయ్యేలోపు దొరికే టైము, 20, 25 డిగ్రీల గది లెక్క. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం ఇంచుమించు సగమైపోతుంది. అంటే అక్కడ 20 నిమిషాలని రాసి ఉంటే 40 దాటిన మే ఎండలో మీకు మిగిలేది అయిదు నిమిషాలు. పొరకీ ఫోమ్‌కీ మధ్య ఉన్నది కాగితమంత సందు, అందులో రెజిన్ పాకాలంటే టైము కావాలి. ఇంతకుముందు నేను వాడిన రెండు ట్యూబుల రకం నాలుగో రంధ్రానికి చేరకుండానే బంకయిపోయేది, కప్పు చేతిలో పట్టుకోలేనంత కాలేది. ఈ కిట్టులోది నిదానంగా గట్టిపడే హార్డెనర్. సాయంత్రం పైరగాలి మొదలయ్యాక కలిపాను, కప్పులో ఉంచకుండా వెడల్పాటి ప్లేటులో పోశాను. పల్చగా పరిచిన రెజిన్ తొందరగా వేడెక్కదు. కింది రంధ్రంలో ఎక్కిస్తుంటే... చూడండి, చూడండి, పక్క రంధ్రంలోంచి ఎలా ఊరుతోందో! అక్కడ టేపు వేసి, పై వరసకి వెళ్ళాను. మొత్తం పూర్తయ్యేదాకా నీళ్ళలాగే ఉంది. నిజంగా ప్రాణం లేచొచ్చిందండీ.

సాయంత్రమే ఎందుకంటే, పడవ చల్లబడేకొద్దీ లోపలి గాలి ముడుచుకుని రెజిన్‌ని లోపలికి లాగుతుంది. పొద్దున చేస్తే ఎండెక్కేకొద్దీ బుడగలై బయటికి తన్నుతుంది.

తాళ్లరేవులో పడవలు కట్టే బాబాయి ఒకాయన చూసి, "మన పాలియెస్టర్ పోసెయ్యలేకపోయావురా?" అన్నారు. పాలియెస్టర్ అంటే మన ఫైబర్ బోట్లు పోసే మామూలు రెజిన్. కొత్త బోటు పొయ్యడానికి అది మంచిదే. కానీ ఆరిపోయిన పాత ఫైబర్‌ని పట్టుకోవడంలో ఎపాక్సీకి సాటిరాదు, పైగా గట్టిపడేటప్పుడు ముడుచుకుపోతుంది. ఫోమ్ థర్మోకోల్ రకమైతే పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది కూడా.

నాకు ఒళ్ళు మండింది సిరంజి దగ్గర. ముక్కు లావు, 3 మిల్లీమీటర్ల రంధ్రంలో దూరదు. లోపలి రబ్బరు రెజిన్ తగిలి కాసేపటికే ఉబ్బి బిగుసుకుపోయింది. ఇంత మంచి రెజిన్ తయారుచేసి, దాన్ని ఎక్కించే సాధనం ఇలాంటిది పెట్టడం ఏం న్యాయమండీ? రంధ్రం పెద్దది చేసుకోమని కాగితంలో రాశారు. వద్దు, బలం పోతుంది. రావులపాలెంలో పశువుల మందుల షాపులో గేదెలకి వేసే పెద్ద సిరంజి, లావు సూది తీసుకున్నాను, సాఫీగా సాగిపోయింది. కిట్టుతో వచ్చిన సిరంజి ముట్టుకోకండి. కంపెనీవాళ్ళు కూడా ఈ వీడియో చూస్తారు, వాళ్ళకీ ఇదే మాట.

ఎక్కించాక పాలిథిన్ కాగితం పరిచి పైన ఇసక సంచి పెట్టండి. బరువు మితంగా ఉండాలి, మరీ ఎక్కువైతే రెజిన్ అంతా బయటికొచ్చేస్తుంది. మర్నాడు పైన మైనంలాంటి జిడ్డు కనిపిస్తే అది మన తేమ వల్ల. ఎసిటోన్‌తో తుడిస్తే పోదు, నీళ్ళు పోసి స్క్రబ్బర్‌తో రుద్దాలి, ఆ తర్వాతే ఉప్పుకాగితం.

గౌతమిలో భైరవపాలెం వైపు ఎదురుపోటులో బాగా కుదిపి తెచ్చాను. ఇప్పుడు అదే చోట రూపాయి బిళ్ళ... టంగ్. అంచున చిన్న ముక్క ఇంకా డొల్లగా ఉంది, అక్కడ రెండు రంధ్రాలు వేసి మళ్ళీ ఎక్కిస్తాను.

నేనైతే డబ్బులు పెట్టి మళ్ళీ కొంటాను, ఒక్క ఆ హార్డెనర్ కోసమే. మీ పడవలో కోర్, అంటే మధ్య పొర, ఫోమ్‌కి బదులు బాల్సా అనే తేలిక చెక్కతో ఉండి, రంధ్రం వెయ్యగానే నల్లటి నీళ్ళు కారితే మాత్రం కొనకండి. కుళ్ళిన చెక్కని ఏ ఇంజెక్షనూ బాగుచెయ్యదు, పై పొర కోసి కోర్ మార్చాల్సిందే. ఉంటానండీ.