సర్వీస్ చేయించాకే బండి ఊగుతోందా? పార్టులు మార్చే ముందు ఇది చూడండి

నమస్కారం అండీ. ముందు ఈ సౌండ్ ఒకసారి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

విన్నారు కదా? యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేదు. గేర్ న్యూట్రల్‌లో ఉంది, ఏసీ ఆఫ్‌లో ఉంది. అయినా మీటర్లో ముల్లు చూడండి. ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, 1000 దగ్గర మొదలై 1700 దాకా లేస్తుంది, టక్కున పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. మన మెకానిక్కులు దీన్ని హంటింగ్ అంటారు. ఆపకపోతే పొద్దుపోయేదాకా ఇలాగే ఊగుతుంది.

ఇది మన విశాఖ మధురవాడలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారి కారు. 4 సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4 బండి. మైలేజీ తగ్గిందని సర్వీస్‌కి ఇచ్చారు. వాళ్లు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి, అంటే థ్రాటిల్ బాడీ, దాని క్లీనింగ్ కూడా చేసి ఇచ్చారు. ఆ సాయంత్రం నుంచే ఈ ఊగుడు. హనుమంతవాక సిగ్నల్లో బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడితే, క్లచ్ కొంచెం వదిలినా చాలు, బండి ముందున్న ఆటో మీదకి ఎగబడుతోందట. షెడ్డుకి తిరిగి తీసుకెళ్తే మొదట ప్లగ్గులు మార్చారు. తగ్గలేదు. తర్వాత ఒక ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. అదీ కాదు. అప్పుడు "పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా సార్, అన్ని బళ్లూ అలాగే ఉన్నాయి" అన్నారు. చివరికి థ్రాటిల్ బాడీ మోటార్ పోయింది, కొత్తది వెయ్యాలి, 20 వేల పైనే అవుద్ది అన్నారు. అక్కడ మాస్టారు ఆగి నాకు ఫోన్ చేశారు.

నేను అడిగింది ఒక్కటే. "మాస్టారూ, సర్వీస్‌కి ముందు ఇది ఉందా?"

"లేదు బాబూ. మైలేజీ తప్ప బండికి ఏటీ లేదు."

అయితే మన పని సగం అయిపోయినట్టే. నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ రిపేర్ చేశాక వచ్చిందంటే, చెయ్యి పడ్డ చోటే వెతకాలి. ప్లగ్గులు, కాయిల్, మోటార్ అన్నీ ఒకే మధ్యాహ్నం కలిసి పాడవ్వవు కదా. ఎక్కడ నట్టు విప్పారు, ఏ పైపు పీకారు, ఏ కనెక్టర్ తీశారు, అంతే. థ్రాటిల్ బాడీ విప్పారని బిల్లులోనే రాసి ఉంది.

ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడం, ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. పెట్రోల్ ఇంజన్ వేగం గాలిని బట్టి ఉంటుంది. థ్రాటిల్ బాడీలో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. మనం కాలు తీసేస్తే అది దాదాపు మూసుకుపోతుంది, వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులోంచి వచ్చే గాలితోనే ఇంజన్ వేడెక్కాక 650 నుంచి 850 ఆర్‌పీఎం మధ్య నిలకడగా తిరుగుతుంది. కంప్యూటర్, అంటే ఈసీయూ, చిన్న మోటార్‌తో ఆ సందుని సర్దుతూ ఉంటుంది. ఏసీ వేస్తే కొంచెం తెరుస్తుంది, ఆపితే మూస్తుంది.

ఇప్పుడు ఆ రేకు దాటిన తర్వాత ఎక్కడో ఒక కన్నం పడింది అనుకోండి. దొడ్డిదారిన గాలి దూరుతుంది. ఈసీయూ రేకుని పూర్తిగా మూసినా ఆర్‌పీఎం దిగదు. 1600, 1700 దాకా పోతుంది. అప్పుడు ఈసీయూకి కాలు తీసి ఉందని తెలుసు, వేగం ఎక్కువగా ఉందనీ తెలుసు. అంటే బండి వాలులో దిగుతోందన్నమాట అనుకుని ఇంజెక్టర్లకి పెట్రోల్ కట్ చేసేస్తుంది. సింహాచలం కొండ దిగేటప్పుడు గేర్‌లో ఉండి కాలు తీస్తే జరిగేది ఇదే. పెట్రోల్ ఆగింది కాబట్టి ఆర్‌పీఎం పడిపోతుంది. ఆగిపోతుందేమోనని మళ్లీ పెట్రోల్ ఇస్తుంది. మళ్లీ లేస్తుంది. ఈ ఊగుడంతా అదే. మోటార్ పాడై కాదు, కంప్యూటర్ తన పని తాను సక్రమంగా చేస్తుంటే వచ్చే ఊగుడు ఇది.

ఇక్కడ ఒక తేడా గమనించండి, చాలామంది దీన్ని కలిపేస్తారు. థ్రాటిల్ బాడీ క్లీన్ చేశాక కొన్ని బళ్లలో ఐడ్లింగ్ పెరగడం మామూలే. ఏళ్ల తరబడి రేకు అంచున మసి పేరుకుంటుంది, సందు చిన్నదవుతుంది. ఈసీయూ దానికి అలవాటుపడి రేకుని కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. మీరు మసి తుడిచేశారు, దాని లెక్క మాత్రం పాతదే. అందుకని 1000, 1100 దగ్గర నిలబడుతుంది. కానీ నిలకడగా నిలబడుతుంది, ఊగదు. నడుపుతుంటే క్రమంగా దిగుతుంది, లేదా స్కానర్‌తో రీలెర్న్ చేస్తే, అంటే ఈసీయూకి కొత్త లెక్క మళ్లీ నేర్పిస్తే, వెంటనే దిగుతుంది. మాస్టారి బండి దిగడం లేదు, ఊగుతోంది. కాబట్టి ఇది అలవాటు గొడవ కాదు, గాలి లీకేజీ.

సరే, స్కానర్ పెడదాం. స్టీరింగ్ కింద ఈ సాకెట్ చూశారా? మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్4 కార్లకి ఓబీడీ-2, అంటే బండి తన లోపాలని తానే కనిపెట్టి కోడ్‌గా చూపించే ఏర్పాటు, తప్పనిసరి, కాబట్టి ఆ తర్వాత బండి అయితే మీకూ ఉంటుంది. బ్లూటూత్ ముక్క ఒకటి కొనుక్కుంటే ఫోన్లోనే కనిపిస్తుంది. ఇదిగో కోడ్, పీ0507. ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది అని. దీన్ని చూసే షెడ్డు వాళ్లు మోటార్ పోయిందన్నారు. కోడ్ ఏం పాడైందో చెప్పదండీ. ఏం జరుగుతోందో చెబుతుంది, అంతే.

ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచి తగ్గించి సర్దుతోందో చూపే అంకె, ప్లస్‌లో ఉంటే లీకేజీ, లేకపోతే కాదు అని చాలా వీడియోల్లో చెప్పేస్తుంటారు. అది సగం నిజం. ఎయిర్ ఫిల్టర్ పైపులో గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండికి అది సరిపోతుంది. దొడ్డిదారి గాలి సెన్సర్ కంట పడదు కాబట్టి పెట్రోల్ తక్కువై, ఈసీయూ ప్లస్ పెడుతుంది. కానీ మన దగ్గర తిరిగే చాలా చిన్న కార్లలో మాఫ్ ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మానిఫోల్డ్, అంటే థ్రాటిల్ బాడీ నుంచి సిలిండర్లకి గాలి పంచే గొట్టం, లోపలి ప్రెషర్ చూస్తుంది. గాలి ఏ దారిన వచ్చినా ప్రెషర్ పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా ఇస్తుంది. అందుకే ట్రిమ్ పెద్దగా మారదు, ఆర్‌పీఎం మాత్రం పెరుగుతుంది. ట్రిమ్ బాగానే ఉందని లీకేజీ లేదనుకుంటే ఇక్కడే బోల్తా పడతాం.

మ్యాప్ రీడింగ్ చూడండి. ముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేశాను. 100 కిలోపాస్కల్స్ చూపిస్తోంది. మనం సముద్రం ఒడ్డున ఉన్నాం కాబట్టి అంతే చూపించాలి. ఇదే బండి అరకు తీసుకెళ్తే 90కి అటూ ఇటూ చూపిస్తుంది, అది తప్పు కాదు, ఎత్తు. సెన్సర్ బాగానే ఉన్నట్టుంది, ఊరికే దాన్ని మార్చమంటే ఒప్పుకోకండి. స్టార్ట్ చేశాక బాగున్న ఇంజన్‌లో ఏసీ లేకుండా 30 నుంచి 40 మధ్యకి దిగాలి. ఇది 50 దగ్గర తచ్చాడుతోంది. థ్రాటిల్ పొజిషన్ అయితే అట్టడుగున ఉంది. రేకు మూసే ఉంది, లోపల మాత్రం గాలి ఉంది.

ఇక కన్నం వెతకడమే. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు పైపుని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కాను, తేడా లేదు. ఇంజన్ అడుగు నుంచి వచ్చే ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపు, అదీ తేడా లేదు. పెట్రోల్ ఆవిరిని లాగే పర్జ్ వాల్వ్ పైపు, లేదు. ఏ పైపు నొక్కినప్పుడు ఆర్‌పీఎం దిగితే ఆ దారిలో లీకేజీ ఉన్నట్టు. కొంతమంది కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడితే భగ్గుమంటుంది, దయచేసి ఇంట్లో చెయ్యకండి. నేను బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే నీళ్ల స్ప్రే బాటిల్ తెచ్చాను. కాయిల్స్ మీద, కనెక్టర్ల మీద పడకుండా జాయింట్ల దగ్గర సన్నగా కొట్టాలి. నీళ్లు ఒక క్షణం ఆ సందుని మూస్తాయి.

ఇదిగో, థ్రాటిల్ బాడీ మానిఫోల్డ్‌కి అతికే చోట. కింది వైపు. కొడుతున్నాను, వినండి... దిగింది! మళ్లీ కొడతాను. మళ్లీ దిగింది.

నాలుగు బోల్టులు విప్పి బయటికి తీశాను. కెమెరా దగ్గరికి తెస్తాను. ఈ నల్లటి రబ్బరు ఓ-రింగ్ చూశారా? గాడిలో కూర్చోవలసింది, కింద ఒక అంగుళం మేర బయటికి వచ్చి, రెండు లోహాల మధ్య నలిగి రేకులా చదునైపోయింది. దాని మీద బూడిద రంగు సిలికాన్ పేస్టు పూశారు. ఇది నాకు నచ్చలేదు. అంటే బిగించేటప్పుడే సరిగ్గా కూర్చోలేదని వాళ్లకి తెలిసింది. తెలిసే పేస్టు రాసి పైన బోల్టు బిగించేశారు. అంతా తెలిసీ ప్లగ్గులు అమ్మారు! ఆ పేస్టు ముక్క ఒకటి ఊడి లోపలికి పోతే ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పలేం. ఉన్నదంతా గోటితో తీసి తుడిచాను.

ఇంకోటి కూడా ఉంది. లోపలి గోడ మీద టార్చ్ వేస్తాను. ఈ అడ్డగీతలు గరుకు కాగితం గీతలు. చాలా థ్రాటిల్ బాడీల లోపల రేకు కూర్చునే చోట సన్నటి పూత ఉంటుంది, దాన్ని గీకకూడదు. మెత్తటి గుడ్డ, థ్రాటిల్ క్లీనర్ చాలు. రేకుని వేలితో బలంగా తోసినా లోపల ప్లాస్టిక్ పళ్ల గేర్లు దెబ్బతింటాయి, అదృష్టం, అవి బాగున్నాయి. పక్కనున్న ఈ చిన్న స్టాప్ స్క్రూ మీద ఫ్యాక్టరీ రంగు చుక్క కూడా చెదరలేదు. కార్బురేటర్ రోజుల్లోలా దాన్ని తిప్పి ఐడ్లింగ్ సెట్ చేద్దామని ఎవరైనా అంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

కొత్త ఓ-రింగ్ 100 రూపాయలు కూడా కాలేదు. పేస్టు లేకుండా వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. స్టార్ట్. 1050 దగ్గర నిలబడింది, ఊగుడు లేదు. ఇప్పుడు మిగిలింది ఇందాక చెప్పిన అలవాటు గొడవ. స్కానర్‌తో రీలెర్న్ చేసి, ఫ్యాన్ తిరిగేదాకా కాలు పెట్టకుండా వదిలేశాను, తర్వాత ఏసీతో కాసేపు. ఈ పద్ధతి బండి బండికీ మారుతుంది, మీ మోడల్‌కి ఏదో చూసుకుని చెయ్యండి. ఇప్పుడు 750. మ్యాప్ 34. ఆ గీతల వల్ల రేపు మసి త్వరగా పట్టొచ్చు, ఏడాది తర్వాత ఒకసారి చూపించమన్నాను.

ఇథనాల్ సంగతి కూడా తేల్చేద్దాం. పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. కాబట్టి ఇథనాల్ ఎక్కువైతే ఈసీయూ కొంచెం ఎక్కువ ఇంధనం ఇవ్వాలి, ట్రిమ్ కొద్ది శాతం ప్లస్‌కి వెళ్తుంది. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది, మాస్టారి అసలు కంప్లయింట్‌లో దాని వాటా ఉండొచ్చు. కానీ అది ఐడ్లింగ్‌లోనూ ఉంటుంది, 2500 ఆర్‌పీఎంలోనూ ఉంటుంది, హైవే మీదా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రమే వచ్చే ఇథనాల్ నేనెక్కడా చూడలేదు.

బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఒక మాట. ఉప్పు గాలికి బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ వైర్ తుప్పు పట్టినా ఐడ్లింగ్ వణుకుతుంది. కానీ అది నెమ్మదిగా ముదిరే జబ్బు, సర్వీస్ బిల్లుతో పాటు రాదు. డీజిల్ బళ్లది వేరే కథ, దానికి వేరే వీడియో చేస్తాను.

మాస్టారు ఆ నలిగిన ఓ-రింగ్‌ని ఒక కవర్లో వేసుకుని, ప్లగ్గుల బిల్లు, కాయిల్ బిల్లు దానికి పిన్ను కొట్టుకుని షెడ్డుకి బయల్దేరారు. వాళ్లేమన్నారో తెలిశాక కింద మొదటి కామెంట్‌గా పెడతాను.