కొంచెం కలర్ పెంచన్నా

(షట్టర్ సగం దించిన చప్పుడు. ఫ్యాను శబ్దం.)

నేను: అందరికీ నమస్తే. ఈసారి అనంతపురంలో, సప్తగిరి సర్కిల్‌కి దగ్గర్లో ఒక సందులో ఉన్న ఫోటో స్టూడియోలో కూర్చున్నా. ఎదురుగా ఉన్న అన్న ముప్పై ఏండ్లుగా ఫోటోలు టచింగ్ చేస్తున్నారు. పేరు చెప్పొద్దన్నారు. ఎందుకన్నా?

అన్న: చెప్తే రేపట్నుంచి ఒక్క సంబంధం ఫోటో కూడా నా దగ్గరికి రాదు మ్మా. (నవ్వు)

నేను: వస్తా వస్తా ఒక పట్టుచీరల హోర్డింగ్ చూసినా. ఆ అమ్మాయి చెయ్యి వంచి నగ చూపిస్తాంది, మోచెయ్యి దగ్గర ఒక్క ముడత లేదు. అదెట్లన్నా?

అన్న: ముడత ఒకటేనా? జాకెట్టు అంచు దగ్గర ఎవరికైనా కండ కొంచెం బయటికొస్తాది. దాన్ని తీసేసేదే మొదటి పని. ఫోటోషాప్ 1990లో వచ్చినా, ఒళ్లు సన్నం చేసే లిక్విఫై 2000లో వచ్చింది. బ్రష్ పెట్టి తోస్తే నడుము చపాతీ పిండి మాదిరి లోపలికి పోతాది. అయితే చీర అంచు కూడా దాంతోపాటు వంకర పోతాది, దాన్ని మళ్లీ సరి చెయ్యాల. ధర్మవరం చీర అంచు వంకర పోతే ఓనర్ ఒప్పుకోడు. పిల్ల నడుము ఏమైనా పరవాలేదు.

నేను: కంప్యూటర్ రాకముందు ఇవన్నీ లేవా?

అన్న: ఎందుకు లేవు! నేను నేర్చుకున్నదే పెన్సిల్‌తో. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటాది. మొహం మీద నల్ల మచ్చ నెగటివ్‌లో పలచగా, అద్దం మాదిరి కనిపిస్తాది. అక్కడ పెన్సిల్ మొనతో మెల్లగా నింపితే ప్రింటులో మచ్చ ఉండదు. ఒక్క మొహానికి అరగంట పట్టేది. కండ్లు పోయేవి. అందుకే మొటిమలు, కంటి కింద చారలు తీసి వదిలేసేవాళ్లం. ఇప్పుడు ఐదొందల ఫోటోల పెండ్లి ఆల్బమైనా ఒక్క బటన్ నొక్కితే అందరికీ ఒకే చర్మం వచ్చేస్తాది. పెండ్లికూతురికీ అదే, వాళ్ల అవ్వకూ అదే.

నేను: అవ్వంటే గుర్తొచ్చిందన్నా. మా అవ్వ నేను హాస్టల్ నుంచి వస్తే "ఏమ్మే, పుల్ల మాదిరి అయిపోతివే" అని ఏడ్చినంత పని చేసేది. ఒళ్లు చేస్తే సంతోషపడేది. ఇప్పుడు మా అక్క కూతురు పదో తరగతి, రాత్రి అన్నం మానేసింది.

ఇట్లాంటిదే ఫిజీ దీవుల్లో జరిగింది. అక్కడ కూడా బొద్దుగా ఉంటేనే బాగుందనేవాళ్లు. ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడొకసారి, 1998లో మళ్లీ ఒకసారి బడి పిల్లల్ని అడిగారు. బరువు తగ్గాలని తిన్నది కక్కేసేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేండ్ల తర్వాత 11.3 శాతం.

అన్న: మూడేండ్లకేనా?

నేను: మూడేండ్లకే. అదీ ఉత్త టీవీతో. చేతిలో ఫోన్ లేని కాలం.

అన్న: మన దగ్గర లావు తర్వాతమ్మా. ముందు కలర్. నడుము సంగతి నూటికి పదిమంది అడుగుతారేమో, కలర్ మాత్రం అడగనోళ్లు లేరు. "పిల్ల కొంచెం కలర్ తక్కువన్నా, చూసి చెయ్యి" అంటారు. పిల్ల పక్కనే నిలబడి ఉంటాది. తల వంచుకోని చున్నీ కొస తిప్పుకుంటా ఉంటాది. నేను మౌస్ కదిలిస్తాంటే స్క్రీన్ మీద తన మొహం తెల్లబడేది చూస్తాంటాది.

నేను: "కలర్ తక్కువ" అంటాం చూడన్నా, అదేదో పప్పులో ఉప్పు తక్కువైనట్టు. చామనఛాయ అని చక్కటి మాట ఉండేది.

అన్న: ఆ మాట ఇప్పుడెవరంటారు? ఒకసారేమైందో చెప్తా. ఒక పాప ఫంక్షన్‌కు ఫ్లెక్స్ చేసినా, పన్నెండు అడుగులది. వాళ్ల నాయనే పక్కన కూర్చోని "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తెల్లగా చేయించినాడు. గేటు దగ్గర కట్టినారు. నేను భోజనానికి పోయినా. వచ్చిన చుట్టాలు ఫ్లెక్స్ చూసి, కింద నిలబడిన పాపనే అడుగుతాండారు, "ఎవరమ్మా ఈ పాప?" అని. ఆ పాప లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు. నాకు ముద్ద దిగలేదు ఆ పొద్దు.

నేను: (కాసేపు మౌనం) సినిమావాళ్లను చూసి కుంగిపోతారని చదివినా నేను. ఇక్కడ తన ఫోటోనే తనకు పోటీ.

అన్న: అంతే మ్మా. హీరోయిన్ యాడో ఉంటాది. ఈ ఫోటో హాల్లో గోడకుంటాది.

నేను: చట్టాలు కూడా వచ్చినాయన్నా. మోడల్‌ని సన్నం చేస్తే ప్రకటన మీద ఆ ముక్క రాయాలని 2013 నుంచి ఇజ్రాయెల్‌లో ఉంది. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబర్ నుంచి, రాయకపోతే 37,500 యూరోల దాకా జరిమానా. నార్వేలో 2022 నుంచి డబ్బు తీసుకుని పోస్టులు పెట్టే ఇన్‌ఫ్లుయెన్సర్లకూ వర్తిస్తుంది.

అన్న: రాస్తే చూసేవాళ్లకు బాధ తగ్గిందా?

నేను: అదే కదా. ఆస్ట్రేలియాలో మారికా టిగెమన్ బృందం పరీక్షించి చూస్తే, "ఇది మార్చిన ఫోటో" అని రాసినంత మాత్రాన ఆడవాళ్లకు తమ ఒంటి మీద అసంతృప్తి ఏమీ తగ్గలేదు. నాకైతే బ్రిటన్ పద్ధతి నచ్చింది. 2011లో జూలియా రాబర్ట్స్ ఉన్న మేకప్ ప్రకటనను అక్కడ ప్రకటనల్ని పరిశీలించే సంస్థ ఆపేసింది. ఆ మెరుపు మేకప్‌దా, కంప్యూటర్‌దా తేల్చమంటే కంపెనీ చూపించలేకపోయింది. మన దగ్గర కూడా 2014లో ఆస్కీ, అంటే ప్రకటనల మండలి, నలుపుగా ఉన్నవాళ్లను దిగులుగా, అందం లేనట్టు చూపించొద్దని నియమం పెట్టింది. 1975 నుంచి ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరే మార్చుకుంది.

అన్న: డబ్బా మీద పేరు మారింది. నా కౌంటర్ దగ్గర మాట మారలేదు.

నేను: మీరు "చెయ్యను" అని ఎప్పుడైనా అన్నారా?

అన్న: అంటే పక్క సందులోకి పోతారు. మొటిమ తీస్తా, అది పది రోజులకు పొయ్యేదే. పుట్టుమచ్చ, ముక్కు, ఒంటి రంగు ముట్టొద్దని ఇప్పుడిప్పుడు చెప్తాండా. సగం మంది వింటారు. సరే గానీ, నీ పాడ్‌కాస్ట్ కవర్ ఫోటో చూసినా మ్మా.

నేను: బాగుందా అన్నా?

అన్న: నీ గడ్డం కింద గాటుంది కదా. ఫోటోలో యాడికి పోయింది?

నేను: అయ్యో... చిన్నప్పుడు మెట్ల మీంచి పడిందిలే. నేనేం చెయ్యలేదన్నా, ఫోన్ తీసేసింటాది.

అన్న: ఫోన్‌కు చెప్పిందెవరు?

నేను: నిజంగా ఎవరూ చెప్పలేదు! కొన్నప్పట్నుంచీ ఆన్‌లోనే ఉందేమో.

అన్న: ఇట్లియ్యి. కెమెరా తెరువు. యాడో మూలకు పెట్టింటారు ఆ బటన్, చూద్దాం.