సాయం పట్టాకా, సేద్యానికా?

సభకు నమస్కారం.

రైతులకు సర్కారు ఇచ్చే డబ్బు గురించి మాట్లాడమన్నారు. నేను రైతుబంధుతో మొదలుపెడతానని మీరు అనుకుని ఉంటారు. దానికంటే ముందు మిమ్మల్ని అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రానికి తీసుకువెళతాను. అక్కడ, మిసిసిపీ ఒండ్రు నేలల్లో, పాయిన్‌సెట్ అనే కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, ఉంది. పత్తి పండే పల్లెటూళ్లు.

1930ల మొదట్లో పత్తి ధర కుప్పకూలింది. 1933 మేలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. పంట తగ్గితే ధర పెరుగుతుంది, తగ్గించినవారికి మేమే డబ్బిస్తాం అన్నారు. అప్పటికే పత్తి మొలిచి ఉంది. ఆ వేసవిలో దక్షిణాది రాష్ట్రాలన్నిటిలో కలిపి సుమారు కోటి ఎకరాల పైరును దున్నించేశారు. సాళ్ల మధ్యనే నడవడం నేర్చిన కంచరగాడిదలు మొక్కలు తొక్కమంటే మొరాయించాయని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

డబ్బు ఎవరికి చేరిందన్నదే అసలు సంగతి. దున్నేది పాలుకు, అంటే పంటలో వాటాకు, చేసేవాళ్లు, నల్లవాళ్లూ పేద తెల్లవాళ్లూ. ఒప్పందం మాత్రం ప్రభుత్వానికీ భూస్వామికీ మధ్య. పాలుదారుడి వాటా భూస్వామి చేతుల మీదుగానే రావాలి. తిండిగింజలూ బట్టలూ భూస్వామి దుకాణంలోనే అరువు తెచ్చుకున్నవాడికి ఆ వాటా ఏమవుతుందో మీకు చెప్పాలా? పాత బాకీ కింద జమ! పైగా సాగు తగ్గింది కాబట్టి మనుషుల అవసరమూ తగ్గింది. కుటుంబాలకు కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించారు. ఒప్పందంలోని ఏడో సెక్షన్ పాలుదారులను ‘వీలైనంతవరకు’ ఉంచాలని అంది. చట్టాల్లో ఈ మాట ఎక్కడ కనిపించినా నాకు భయమే.

1934 జూలైలో ఆ కౌంటీలోని టైరంజా ఊరి దగ్గర పదకొండు మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు ఒక బడిలో కలిసి కౌలు రైతుల సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో, ఆ ప్రాంతంలో, రెండు రంగులవాళ్లు ఒకే సంఘంలో ఉండడమే పెద్ద సాహసం. వాషింగ్టన్‌లో కొందరు ప్రభుత్వ న్యాయవాదులు కూడా పాత పాలుదారులనే కొనసాగించాలని ఆ సెక్షన్‌కు అర్థం చెప్పారు. 1935 ఫిబ్రవరిలో వాళ్ల ఉద్యోగాలే పోయాయి.

తర్వాత చట్టాలు చాలా మారాయి గానీ భూమిని పట్టుకుని డబ్బివ్వడం మాత్రం పోలేదు. 1996 తర్వాత, ఆ పొలంలో ఒకప్పుడు ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారన్న లెక్కనుబట్టి చెల్లింపులు వచ్చేవి. ఆ తర్వాత అందులో ఏమీ వేయకపోయినా సరే. టెక్సస్‌లో పాత వరిపొలాల్లో ఇళ్లు కట్టుకున్నవారికి కూడా వరి పేరిట డబ్బు వస్తోందని 2006లో పత్రికలు బయటపెట్టాయి. ఆ నేరుగా ఇచ్చే చెల్లింపులను 2014లో రద్దు చేశారు.

ఇక మన దగ్గరికి రండి. 2018 మేలో తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలతో రైతుబంధు మొదలుపెట్టింది. తర్వాత 5,000 చేసింది. దళారీ లేకుండా పెట్టుబడి డబ్బు అందడం చిన్న విషయం కాదు, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అది పట్టాదారుకు. కౌలుదారుకు వర్తించదని ప్రభుత్వం మొదటినుంచీ చెప్పింది. కౌలు కట్టి, ఎరువు కొని, వాన కోసం చూసేవాడికి సాయం అందలేదు. పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న యజమానికి ఫోనులో మెసేజి వచ్చేది.

కౌలుదారుకే ఇస్తే సరిపోతుందా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. అమెరికాలో నగదు కౌలుకు చేసేవాడికే చెల్లింపు వెళ్లాలని నిబంధన. అయినా యజమాని మరుసటి ఏడాది కౌలు పెంచి అందులో కొంత రాబట్టుకుంటాడని అక్కడి ఆర్థికవేత్తలు ఎన్నోసార్లు చూపించారు. కాబట్టి సాగుదారు పేరు రికార్డుకెక్కాలి, దాంతోపాటు కౌలు ఒప్పందానికి కొన్నేళ్ల గడువూ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే. దానికీ యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే పొలం పోతుందని యజమానికి భయం, అడిగితే కౌలు పోతుందని రైతుకు భయం. ఇక్కడున్న కౌలు రైతుల్లో ఆ సంతకం అడిగినవాళ్లు ఎందరో చేతులెత్తండి, అక్కడినుంచే చర్చ మొదలుపెడదాం.