మా నాన్న గ్రఫ్ అట!

హాయ్ అండీ, పాలకొల్లు దగ్గర మా పుట్టింటి నుంచి మాట్లాడుతున్నాను. క్షీరారామం గుడి వీడియో తియ్యమని అమలాపురం పిన్ని పదిసార్లు అడిగింది. పొద్దున్నే తయారయ్యాం కూడా. గుమ్మం దాటకముందే మావాడు “అమ్మా, తాతయ్య గ్రఫ్” అన్నాడు. ఇక గుడి రేపటికే.

వాడు గ్లాస్గోలో పుట్టాడు, తొమ్మిదేళ్ళు. అక్కడ గరగరలాడే గొంతుతో, ముఖం చిట్లించుకుని ముక్తసరిగా మాట్లాడేవాళ్ళని గ్రఫ్ అంటారు. మనకి గొంతు బొంగురు వేరు, మనిషి పెడసరం వేరు. రెంటికీ సరిపోయేది నాకు ఒక్కటే తోచింది: మోటు. మోటు గొంతు, మోటు మనిషి, మోటు బట్ట. విచిత్రమేంటంటే ఆ ఇంగ్లీషు మాట కూడా సరుకుల్లోంచే వచ్చిందండీ! డచ్చి భాషలో గ్రోఫ్ అంటే ముతక. 16వ శతాబ్దంలో స్కాట్లండ్ వర్తకులు ముతక సరుక్కి వాడుకున్నారు. మనుషులకీ గొంతులకీ అంటుకున్నది తర్వాతే. ఆ డచ్చివాళ్ళే 17వ శతాబ్దంలో మా పాలకొల్లులో కోఠీ పెట్టి, మన నేతబట్టలు కొని ఓడలెక్కించారు. ఇక్కడి బట్టని వేళ్ళతో నలిపి చూస్తూ ఆ మాట ఎన్నిసార్లు అనుంటారో!

నిన్న రాత్రి మేం కారు దిగగానే నాన్న “ఏం, ఇప్పుడా రావటం?” అన్నారు. మావాడు నా చెయ్యి పట్టేసుకున్నాడు. ఆయ్, అండీ లేకుండా మాట పూర్తికాని ఊళ్ళో ఈయనది మొదట్నుంచీ ఇదే తీరు. నలభై ఏళ్ళు చేలగట్ల మీద కేకలేసిన గొంతు. పొద్దున ఎవరూ అడక్కుండానే బొండాలు దింపించి, కత్తితో మూడు దెబ్బల్లో ఒకటి కొట్టారు. వాడు నీళ్ళు తాగాక రెండుగా చీల్చి, పైడొక్క ముక్కతో మీగడలాంటి లేత కొబ్బరి గీరి, వాడి చేతిలో పెట్టి “తిను, చూస్తావేం?” అని కసిరారు. గ్లాస్గోలో ఒక్క బొండం మూడున్నర పౌండ్లు, అంటే దాదాపు 400 రూపాయలు. ఆ లేత కొబ్బరి మాత్రం ఎన్నడూ ఉండదు.

అక్కడ మా బస్సు డ్రైవరుదీ ఇలాంటి గొంతే. దిగేటప్పుడు థాంక్స్ చెబితే ఒక మూలుగు, అంతే. ఓసారి వానలో పరిగెత్తుకొస్తుంటే నాకోసం బస్సు ఆపి, విసుగ్గా ఏదో గొణిగాడు. సీట్లో కూర్చుని ఏడ్చేశాను. ఆలస్యమైందేమని కసిరేవాళ్ళు ఆ ఊళ్ళో నాకెవరూ లేరు.

ఇందాక నాన్న చేలోంచి వచ్చేసరికి మావాడు గేటు దగ్గర నిలబడి, గొంతు బొంగురు చేసుకుని “ఏం, ఇప్పుడా రావటం?” అన్నాడు. నాన్న సైకిలు స్టాండేసి వాడి వైపు చూశారు.

“కాళ్ళు కడుక్కోనియ్యరా ముందు” అన్నారు.

పిన్నీ, గుడి రేపు తప్పకుండా చూపిస్తాను.