నలభై కుర్చీల ప్రోగ్రాం

అందరికీ నమస్తే. మొన్న దేవరకొండ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మేం నలుగురం. కాలేజీ ఫ్రెషర్స్ పార్టీలల్ల తప్ప బయట ఎన్నడూ వాయించలే. వచ్చే శనివారం నల్లగొండల ఒక కేఫ్‌ల ప్రోగ్రాం ఒప్పుకున్నం. నలభై కుర్చీలు ఉంటయట. జర టెన్షన్ అయితుంది, ఏమేం చూసుకోవాలె?" అని అడిగాడు. రెండు ముక్కల్లో జవాబు చెప్పేద్దామని ఫోన్ తీశాను. చెప్పబోతే మేం పడ్డ తిప్పలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందుకే ఈ వీడియో.

నేనేం పెద్ద కళాకారుణ్ణి కాదు. పొద్దంతా ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. సాయంత్రమైతే గిటార్, అవసరం పడితే కీబోర్డు. మాలో పాడే ఆయన బడిపంతులు, ఆయన్ని అందరం సార్ అనే పిలుస్తాం. కహోన్ వాయించే పిల్లాడు మొబైల్ షాపులో డిస్‌ప్లేలు మారుస్తాడు. కహోన్ అంటే తెలుసుగా, పైన కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె. హైదరాబాద్‌లో ఇలాంటి వాటిని గిగ్ అంటారు. మన దగ్గర ప్రోగ్రాం అనే అంటాం. పేరు ఏదైతేనేం, వైర్లు మనమే మోయాలి.

తమ్ముడూ, చిన్న చోటు కదా, తేలిక అనుకుంటున్నావేమో. నేనూ అలాగే అనుకున్నాను. అంతకుముందు నాలుగేళ్లు వినాయక మండపాల దగ్గర వాయించాం. అక్కడ ఏం జరిగినా చెల్లిపోతుంది. ఒకసారి సంగతి చెప్తాను. మా సార్ శ్రుతి సి షార్ప్. నేను కీబోర్డు మీద సి లోనే వాయిస్తూ, ట్రాన్స్‌పోజ్ ప్లస్ ఒకటి పెట్టుకుంటాను, అంటే నేను సి నొక్కినా మోగేది సి షార్ప్. చాలామందికి ఇదే అలవాటు, నల్లమెట్ల గోల ఉండదని. పల్లవి అయ్యి చరణం మొదలవుతుందనగా కరెంటు పోయింది. జనరేటర్ ఆన్ చేశారు. కీబోర్డు మళ్లీ వెలిగింది కానీ ట్రాన్స్‌పోజ్ సున్నాకు వచ్చేసింది. నేను చూసుకోలేదు. ఆయన సి షార్ప్‌లో పాడుతున్నారు, నేను సి లో వాయిస్తున్నాను. పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్లు పులిసిపోయాయి నాకు. చరణం మొత్తం అలాగే నడిచింది. మరి జనం? పులిహోర లైన్లో ఉన్న ఒక్కరు కూడా తల తిప్పలేదు. పక్క గల్లీలో డీజే మోగుతుంటే మా అపస్వరం ఎవరికి వినబడుతుంది చెప్పండి!

ఆ ధైర్యంతోనే మొదటిసారి కేఫ్‌కి వెళ్లాం. క్లాక్ టవర్ నుంచి నడుచుకుంటూ వెళ్లేంత దూరం. పేరెందుకు, మంచివాళ్లు. ముందంతా అద్దం, కింద నున్నటి టైల్స్, ఇనుప కుర్చీలు. మెత్తటి వస్తువంటూ ఒక్కటి లేదు. అలాంటి గదిలో శబ్దం ఎక్కడా ఇంకదు, గోడకు కొట్టిన బంతిలా తిరిగొస్తుంది. మేమేమో మండపానికి తీసుకెళ్లే రెండు పెద్ద స్పీకర్లు టెంట్ హౌస్ నుంచి ఆటోలో వేసుకొచ్చాం. స్టేజీ లేదు. రెండు టేబుళ్లు జరిపి చోటు చేశారు. స్పీకర్లు పెట్టడానికి స్థలం లేక మా వెనకే, గోడకు ఆనించి పెట్టాం.

మొదటి పాట ఆలాపనకే మైకు కూత పెట్టింది. మామూలు కూత కాదు, ప్రెషర్ కుక్కర్ చెవిలో పెట్టినట్టు. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది. వాళ్లమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. వాల్యూమ్ కాస్త తగ్గించి, గిటార్ వినబడటం లేదని దాన్ని పెంచి, అప్పుడు పాట వినబడటం లేదని మళ్లీ మైకు పెంచి, ఇలా ఇరవై నిమిషాలు. చివరికి ఓనర్ వచ్చి నా చెవి దగ్గర వంగి, "భయ్యా, ఏం అనుకోకు. కస్టమర్ వెజ్ మంచూరియా అన్నడు, మా పిలగాడు ఎగ్ నూడుల్స్ తెచ్చిండు" అన్నాడు. ఆర్డర్ చెప్పేవాడి మాట తీసుకునేవాడికి వినబడటం లేదన్నమాట. నా జన్మలో మా సంగీతం మీద వచ్చిన అతి సరైన విమర్శ అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కూత ఎందుకొస్తుంది? స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరుతుంది. యాంప్లిఫైయర్ దాన్ని ఇంకా పెంచి స్పీకర్‌కి పంపుతుంది. అది మళ్లీ మైకులోకి. ఈ గిరగిరలో ఆ గదికి ఏ స్వరం ఎక్కువ పడుతుందో అది ముందు లేస్తుంది. అందుకే ఒక్కో హాల్లో ఒక్కో రకం కూత. కాబట్టి స్పీకర్ ఎప్పుడూ మైకు కన్నా ముందుండాలి, జనం వైపు తిరిగి ఉండాలి. మా లాగా వెనక పెట్టుకుంటే కూతను పిలిచి కూర్చోబెట్టినట్టే.

ఇదిగో, ఈ మైకు చూడండి. జాలీ ఉంది కదా, దాని కింది భాగంలో, లోపల, చిన్న చిన్న సందులుంటాయి. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఈ మైకు పెద్దగా పట్టించుకోకుండా చేసేవి ఆ సందులే. వీడియోల్లో చూసి చాలామంది స్టైల్‌గా జాలీ మొత్తం గుప్పిట్లో పట్టుకుంటారు. ఇలా. అప్పుడా సందులు మూసుకుపోతాయి. ఇక మైకు అన్ని వైపుల నుంచీ వింటుంది, స్పీకర్‌తో సహా. మా సార్‌కి ఈ అలవాటు మాన్పించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ముప్ఫై మంది పిల్లలకు ఎక్కాలు నేర్పే మనిషి!

ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. స్పీకర్లో గుయ్‌మని హమ్మింగ్ వస్తుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్‌మనడం ఎక్కువగా 50లోనో, దాని రెట్టింపు 100లోనో ఉంటుంది. కొంతమంది ఏం చేస్తారంటే, హమ్మింగ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. హమ్మింగ్ పోవచ్చు కూడా. కానీ చేతిలో గిటార్ తీగలు, మూతి దగ్గర మైకు. ఎక్కడైనా కరెంటు లీకైతే నీ ఒళ్లే వైరు. ఒక ఫంక్షన్ హాల్లో మా సార్ పక్కవాళ్ల గిటార్ పట్టుకుని పాడబోతే పెదవికి జివ్వుమని తగిలింది. తెల్లారేదాకా నీళ్లు తాగినా మంటే. ఎర్త్ పిన్ను జోలికి పోవద్దు. అన్నీ ఒకే మంచి త్రీపిన్ బోర్డుకి పెట్టండి, సగం హమ్మింగ్ దానికే పోతుంది.

కేఫ్ సంగతికి వద్దాం. రెండోసారి వెళ్లినప్పుడు ఒక్కటే చిన్న స్పీకర్ తీసుకెళ్లాం. ముందు గొంతు సెట్ చేశాం. గొంతు కన్నా తక్కువ సౌండ్‌లో గిటార్, దానికన్నా తక్కువలో కహోన్. కహోన్‌కి మైకే లేదు, ఆ గదికి అక్కర్లేదు. తర్వాత నేను వెళ్లి ఆఖరి టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఎదుటి కుర్చీలో ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే సౌండ్ సరిగ్గా ఉన్నట్టు. నా కొలత అదే. తగ్గించడం వాయించేవాడికి నామోషీగా ఉంటుంది, నాకు తెలుసు. మండపం దగ్గర పెరిగినవాళ్లం, వాల్యూమే మర్యాద అనుకుంటాం.

మన పాలమూరు వైపు కిన్నెర గుర్తు చేసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు కర్ర, దానికి కట్టిన సొరకాయ బుర్రలు. నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి బుర్ర వీణ మీద 2024లో వచ్చింది. ఈ వాయిద్యాల్లో శబ్దాన్ని పెంచేది ఆ ఎండిన బుర్రే, అంతకు మించి ఏమీ లేదు. వీధుల్లో, ఇళ్ల ముందు ఆ చప్పుడుతోనే పండుగ సాయన్న లాంటి జానపద వీరుల కథలు వినిపించారు. వినాలంటే జనమే దగ్గరికి జరిగి కూర్చోవాలి. ఊళ్లలో అది మామూలు సంగతి. మనకు మాత్రం నలభై కుర్చీల గదికి కూడా ఇన్ని వాట్లు కావాలి.

పైసల సంగతి. బయానా తీసుకోకుండా వెళ్లొద్దు, వందో వెయ్యో ఎంతైనా సరే. "భోజనం పెడతం, మీకు పేరొస్తది" అని ఒకచోట పిలిచారు. వెళ్లాం. భోజనం అయిపోయిందన్నారు. పేరు కూడా అంతంతే.

జనం అడిగే పాటల గురించి మాత్రం కాసేపు చెప్పాలి. కేఫ్‌లో వాళ్లు నీకు రెండడుగుల దూరంలో ఉంటారు. చీటీ కూడా అక్కర్లేదు, టేబుల్ దగ్గర నుంచే "అన్నా, ఫోక్ కొట్టు" అంటారు. ఫోక్ పాటలు నాలుగైనా చేతిలో ఉంచుకోండి, లేకపోతే మన దగ్గర బతకలేరు. ఇక ప్రతి ప్రోగ్రాంలో ఒక బాబాయి ఉంటాడు. "ఒక్క పాట నేను పాడతా" అంటాడు. కాదంటే అలుగుతాడు. మైకిస్తే ఒక్క పాటతో ఆగడు. మేం కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, మొదటి పాటే ఆయనకిచ్చేయడం. ఇంకా జనం రాకముందే, సౌండ్ చెక్ అయినట్టూ ఉంటుంది, బాబాయి పాడినట్టూ ఉంటుంది. శ్రుతి అడగొద్దు, ఆయనకు తెలియదు. రెండు లైన్లు ఉత్తినే పాడమని, నువ్వే గిటార్ మీద వెతుక్కుని కాపో, అదే, శ్రుతి పెంచడానికి తీగల మీద బిగించే క్లిప్పు, పెట్టుకో. శ్రుతి మధ్యలో మారితే గిటార్ ఆపేసి కహోన్ ఒక్కటే నడిపించు. బాబాయి అదేదో స్టైల్ అనుకుంటాడు.

ఆరుబయట అయితే పది గంటలు గుర్తుంచుకోండి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. కానిస్టేబుల్ వచ్చి వైరు పీకేదాకా ఆగొద్దు. మంచి పాట ఏదైనా ఉంటే తొమ్మిదిన్నరకే పాడేయండి.

నార్కట్‌పల్లి దగ్గర ఒక రిసెప్షన్‌కి వెళ్లి, తీరా అక్కడ బ్యాగు తెరిస్తే కీబోర్డు అడాప్టర్ లేదు. ఇంట్లో ప్లగ్గుకే ఉండిపోయింది. చలికాలం రాత్రి. నేను గేటు దగ్గర నిలబడి నల్లగొండలో ఎవరెవరికి ఫోన్ చేయాలా అని ఆగమాగం అవుతున్నాను. అక్కడే డప్పు వాళ్లు వరిగడ్డి మంట వేసుకుని డప్పులు కాచుకుంటున్నారు. చలికి చర్మం వదులైపోతే మోగదు, వేడి చూపిస్తే బిగుస్తుంది. ఒకాయన వేలితో టక్ మని కొట్టి, విని, మళ్లీ మంట మీద తిప్పి, మళ్లీ కొట్టి చూస్తున్నాడు. నా అవస్థ చూసి, "ఏంది, కరెంట్ వైర్ మర్సినవా?" అన్నాడు. అవునన్నాను. "మాకు అగ్గిపెట్టె మరిస్తే గంతే పరేషాన్" అని నవ్వాడు. ఆ రోజు గిటార్‌తోనే నెట్టుకొచ్చాం. అప్పటి నుంచి అడాప్టర్‌ని కీబోర్డు బ్యాగు పిడికే కట్టేశాను, తాయెత్తులాగా.

ఆఖరుగా కేఫ్ రెండో ప్రోగ్రాం గురించి ఒక్క ముక్క. సౌండ్ బాగా కుదిరింది, ఓనర్ కూడా ఏమీ అనలేదు. మూడో పాటో నాలుగో పాటో నడుస్తుండగా కరెంటు పోయింది. స్పీకర్‌తో పాటు ఏసీ, ఫ్రిజ్, కిచెన్‌లో చిమ్నీ అన్నీ ఆగిపోయాయి. అన్ని చప్పుళ్లు ఉన్నాయని అవి ఆగితేగానీ తెలియలేదు. మా సార్ ఆపకుండా పాడుతున్నారు, నేను వాయిస్తున్నాను, మైకు లేదు. పాట అయ్యాక ముందు టేబుల్ మీద టీ తాగుతున్న ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "రెండో తీగ జర దిగింది బాబూ."

నేను తీగ మీటి చూశాను. నిజంగానే శ్రుతి దిగింది.

"ఇప్పుడే దిగిందా సార్?" అన్నాను.

"లేదు, మొదటి పాట కాంచి గట్లనే ఉంది" అన్నాడు. వాళ్ల ఊరి భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడట. టీ చల్లారకముందే తాగేసి, ఆ చీకట్లోనే బిల్లు కట్టి వెళ్లిపోయాడు.

తీగలు ఆ మధ్యాహ్నమే కొత్తవి వేశాను, షోకుగా ఉంటుందని. కొత్త తీగలు రెండు రోజులు సాగుతూనే ఉంటాయి, ఎంత బిగించినా దిగుతాయి. తమ్ముడూ, నీ ప్రోగ్రాం శనివారం అన్నావు కదా. తీగలు గురువారమే మార్చు. రెండో తీగ ఒకటి ఎక్కువ కొనుక్కో.