పాత ఫోటోల్లో ఎవరూ ఎందుకు నవ్వరు?

నమస్తే అండి. 19వ శతాబ్దపు ఫోటో ఏది పెట్టినా కామెంట్లలో ఒకటే మాట: "అప్పట్లో పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, అందుకే నవ్వలేదు." ఇది చదివిన ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. 1839లో డాగెర్ పద్ధతి (వెండి పూత పూసిన రాగి రేకు మీద ఫోటో తీయడం) వచ్చిన కొత్తలో నిమిషాలు పట్టిన మాట నిజమే. కానీ 1851లో తడి కొలోడియన్ పద్ధతి (గాజు పలక మీద రసాయనం పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీయడం) వచ్చాక, వెలుతురు బాగుంటే కొన్ని సెకన్లలో పని అయిపోయేది. అంతసేపు నవ్వలేరా?

అసలు సంగతి హోదా. అంతకుముందు యూరప్‌లో చిత్రకారుడి చేత బొమ్మ వేయించుకునే స్తోమత డబ్బున్నవాళ్లకే ఉండేది. ఆ బొమ్మల్లో పళ్లు బయటపెట్టి నవ్వేది ఎక్కువగా తాగుబోతులు, విదూషకులు. పెద్దమనిషి పెదవి విప్పడు. కెమెరా ముందుకొచ్చినవాళ్లూ ఆ ముఖమే పెట్టారు.

మన పెళ్లి రిసెప్షన్‌లో సింహాసనం కుర్చీ ఉంటుంది కదా? అద్దెదని అందరికీ తెలుసు, అయినా ఆ పూటకి కూర్చున్నవాళ్లే రాజూ రాణీ. ఫోటో స్టూడియోలోనూ ఇదే కథ. 1854లో పారిస్‌లో డిస్దేరి అనే ఫోటోగ్రాఫర్ ఒకే ప్లేటు మీద అనేక చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. విజిటింగ్ కార్డంత ఫోటో! ధర దిగింది, దుకాణదారులు కూడా స్టూడియోకి వచ్చారు. అక్కడ సింహాసనం సిద్ధం: స్తంభం, బరువైన తెర, వెనక రంగులతో గీసిన తోట. ఆ స్తంభం అడుగు ఒకసారి చూడండి. చాలా ఫోటోల్లో అది తివాచీ మీద నిలబడి ఉంటుంది! రాతి స్తంభాన్ని తివాచీ మీద ఎవరు కడతారండీ? మనిషి బూట్ల వెనక, తల కదలకుండా ఆనించే ఇనప స్టాండు పాదం కూడా కనిపిస్తుంది.

1860లో విక్టోరియా రాణి ఫోటోలు కూడా ఇదే సైజు కార్డులుగా అమ్మకానికొచ్చాయి. అంటే అసలు రాణి, అద్దె సింహాసనం రాణి ఒకే ఆల్బమ్‌లో!

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఫ్రెడరిక్ డగ్లస్. అమెరికాలో బానిసగా పుట్టి, బానిసత్వం మీద పోరాడిన నాయకుడు. ఆయనవి దాదాపు 160 ఫోటోలు దొరికాయి. నల్లవాళ్లను ఇకిలిస్తూ బతికే బానిసలుగా గీసే దేశంలో ఆయన కావాలనే గంభీరంగా లెన్స్‌లోకి చూశాడు. ఆయనకది అద్దె సింహాసనం కాదు, హక్కు.

టైమ్ అయిపోతోంది, హైదరాబాద్ సంగతి గబగబా చెప్పేస్తాను. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో విడిగా స్టూడియో పెట్టాడు, దాన్ని నడిపిందీ ఒక ఇంగ్లీషు మహిళే. దాని మీద వేరే వీడియో చేస్తాను.